నాలుగో తెర

ఆ గల్లీలో విమానాల మోత గురించి గొణగని మనిషి స్వరాజ్యం ఒక్కతే. శంషాబాద్‌లో హైవే దిగి లోపలికి వస్తే, రేకుల షెడ్లు దాటాక ఉన్న కిరాయి ఇళ్ల వరుసలో చివరిది వాళ్లది. ఇంటి మీదుగా విమానం దిగుతుంటే కిటికీ అద్దాలు దడదడలాడతాయి. మాట్లాడుకునేవాళ్లు మాట మధ్యలో ఆపేసి, అది పోయాక మళ్లీ అందుకుంటారు. స్వరాజ్యం మాత్రం తన పాటికి తాను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంటుంది. ఆమెకు చెవులు వినబడక చాలా ఏళ్లయింది. కూతురు అరుణ ఎదురుగా నిలబడి పెదవులు మెల్లగా కదిపితే మాట పట్టేస్తుంది, అంతే.

"ఈ గల్లీల నిమ్మళంగ నిద్రపోయేది నేనొక్కదాన్నే" అని తనే అని తనే నవ్వేది. ఆ మాట నాలుగిళ్ల అవతలికి వినబడేది. తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియదు మరి. గుట్టుగా చెప్పాలనుకున్న సంగతి కూడా గల్లీ మొత్తానికి చేరవేసేది. ఈ ఇంట్లో రహస్యం దాగదు అని అరుణ తల కొట్టుకునేది.

ఇదంతా పోయిన వానాకాలం ముందు మాట.

స్వరాజ్యం భర్త, అరుణ బాపు మల్లేశ్వర్ షాద్‌నగర్ రూట్లో బస్సు నడిపి రిటైరైనవాడు. సాయంత్రం హైవే దాకా పోయి చాయ్ తాగి, బీడీ కాల్చి, తిరిగొచ్చి తాళంచెవితో తలుపు కొట్టేవాడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకోటి. అరుణ ఇంట్లో ఉంటే తీసేది. ఆమె డ్యూటీలో ఉన్న రోజు స్వరాజ్యం గొళ్లెం పెట్టకుండా వదిలేసేది. ఆ రోజు గాలివాన. జల్లు లోపలికి కొడుతోందని స్వరాజ్యం గొళ్లెం పెట్టింది. పెట్టిన సంగతి మరిచిపోయి వంటింట్లోకి పోయింది. లోపలి గొళ్లెం పడ్డాక తాళంచెవి ఎందుకూ పనికిరాదు. రేకుల మీద వాన మోతకు పక్కింటివాళ్లకూ ఏమీ వినబడలేదు. బియ్యం కడిగిన నీళ్లు పారబోద్దామని ఆమె తలుపు తీస్తే, తలుపుకు ఆనుకుని కూర్చున్న మనిషి వెనక్కి ఒరిగి ఆమె పాదాల మీద పడ్డాడు. అప్పటికే ఒళ్లు చల్లబడింది. గుండెపోటు అన్నారు దవాఖానాలో.

తలుపు బయటివైపు, కింది చెక్క మీద తాళంచెవి గీతలు ఇప్పటికీ ఉన్నాయి. నిలబడి కొట్టినవి కావు. కూర్చుని కొట్టినవి.

ఆనాటి నుంచి స్వరాజ్యానికి మనసు మనసులో లేదు. కూర సగంలో వదిలేసి పోయి తలుపు తీసి చూస్తుంది. పడుకున్నది లేచి పోయి తీస్తుంది. ఒకసారి అలా పోయి నిలబడిపోతే పొయ్యి మీద నూనె అంటుకుని వంటింటి గోడంతా నల్లబడింది. ఇంకోసారి అరుణ వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది, లోపల గడప పక్కనే చాప మీద అమ్మ. చెవులు వినబడని ఆడమనిషి ఒక్కతే ఉండే ఇల్లు. ఎవడు జొరబడినా దిక్కు లేదు. ఉద్యోగం మానేద్దామంటే ఇల్లు గడవదు. అరుణకు అన్నం సహించేది కాదు.

అరుణ పని ఎయిర్‌పోర్టులో, విమానాల రాకపోకలు చూపించే పెద్ద తెరల మరమ్మతు. పగలంతా పెద్ద తెరలతో వేగి, ఇంటికొచ్చి చిన్న తెరలు ముందేసుకుని కూర్చునే మనిషిని ఏమనాలి? పిచ్చిదనాలి. స్వరాజ్యం అదే అనేది. కోఠిలో దొరికిన కారు వెనక కెమెరా తెర, పగిలిన ట్యాబ్ తెర, అగ్గిపెట్టెంత బొమ్మ తెర, ఏది కనబడినా తెచ్చి లాప్‌టాప్‌కు తగిలించి, వెలిగితే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది. పహాడీ షరీఫ్‌లో మొబైల్ రిపేర్ దుకాణం నడిపే మొయిజ్‌కూ ఇదే జబ్బు. తెరల పేరుతోనే వాళ్లకు స్నేహం కుదిరింది, అక్కా అని పిలుస్తాడు.

ఆ పిచ్చి ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. వంటింట్లో గూట్లో ఒక చిన్న తెర, అమ్మ మంచం పక్కన ఇంకోటి పెట్టి, గోడ వెంబడి వైర్లు లాగి ముందు గదిలో లాప్‌టాప్‌కు కలిపింది. తలుపు లోపలివైపు కింది చెక్కకు ఒక ఇత్తడి బిళ్ల అంటించింది. ఎవరైనా తలుపు తడితే ఆ బిళ్ల పసిగడుతుంది. వెంటనే తెరలన్నిటి మీదా పెద్ద అక్షరాలు వెలుగుతాయి: తలుపు దగ్గర ఎవరో ఉన్నరు. బిళ్లను పైన పెడదామంటే వైరు పొడుగు చాలలేదు, కిందనే పెట్టింది. అది ఆ గీతలకు సరిగ్గా వెనక వచ్చిందని తర్వాత గమనించింది. తీసి జరపాలనుకుంది, జరపలేదు.

అమ్మ చూసినట్టు తెలియాలి కదా అని ఒక్కో తెర పక్కన ఒక బటన్ కూడా పెట్టింది.

"ఇది ఒత్తితే ఏమని రావాలె?" అని పెదవులు కదిపి అడిగింది.

స్వరాజ్యం తలుపు వైపు చూసింది. "వస్తున్న, ఆగు అని రాయి" అంది. "ఆ దినం ఆ ఒక్క మాట అననైతిని."

అరుణ అదే రాసింది. బటన్ ఒత్తితే 'వస్తున్న, ఆగు' అని అన్ని తెరల మీదా వస్తుంది. తర్వాత ఏ తెర మీది మాటను ఆ తెర దగ్గర రెండోసారి ఒత్తి చెరిపెయ్యాలి. ఇక్కడే అరుణ కొంచెం బద్ధకించింది. ఏ తెరకు పంపాలో విడివిడిగా రాయకుండా, తగిలించి ఉన్న తెరలన్నిటికీ పంపు అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇంట్లో ఉన్నవే గుప్పెడు, అన్నిటికీ పోతే తప్పేముంది అనుకుంది.

కంప్యూటర్‌కు కళ్లు లేవు. ఏ తెర ఏ పక్కన ఉందో మనమే చెప్పాలి. సెట్టింగుల్లో ఒక్కో తెరకు ఒక్కో గడి, దాని మీద ఒక నంబరు కనిపిస్తాయి. ఆ గళ్లను అరుణ ఇంటి ప్లాను ప్రకారం పేర్చింది. నడుమ లాప్‌టాప్, అది ఒకటి. పైన ఎడమకు వంటిల్లు, రెండు. పైన కుడికి అమ్మ మంచం, మూడు. కింద ఖాళీ. అటువైపు తలుపు, తలుపు అవతల గల్లీ.

తెరలు పని చేశాయి. స్వరాజ్యం తలుపు దగ్గరికి పోవడం మానేసింది. అప్పుడప్పుడు తెర వైపు చూసి, ఖాళీగా ఉంటే తలాడించి పనిలో పడేది. కూర మాడలేదు. మధ్యాహ్నం కునుకు తీసింది. అరుణ సంతోషానికి పట్టపగ్గాల్లేవు, ఆ ఆదివారం మటన్ తెచ్చి వండింది.

ఆ తర్వాత ఎవరూ లేకుండానే తెర వెలగడం మొదలైంది.

స్వరాజ్యం బటన్ ఒత్తి, పోయి తలుపు తీసేది. గల్లీ ఖాళీ. "ఎవ్వరు లేరు బిడ్డా" అనేది. కోపం లేదు. అక్కడే నిలబడి అటూ ఇటూ చూసేది. లారీలు పోతే తలుపు అదురుతుందేమో, విమానాలకేమో అని అరుణ బిళ్ల చురుకుదనం తగ్గించింది. ఇంకా తగ్గించింది. చివరికి తను పిడికిలితో గట్టిగా గుద్దితే తప్ప పసిగట్టనంత మొద్దుగా చేసింది. అయినా తెర వెలుగుతూనే ఉంది. సాయంత్రాలే వెలిగేది. అరుణ ఇంట్లో ఉన్నప్పుడు కూడా వెలిగింది, కానీ ఆమె చెవికి తలుపు చప్పుడు ఒక్కసారి కూడా వినబడలేదు. మూసిన తలుపు పక్కన అమ్మ మళ్లీ చాప పరిచిన రోజు, ఇక దీని సంగతేదో తేల్చాలని కూర్చుంది.

అప్పుడే చీకటి పడుతోంది. హిమాయత్ సాగర్ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి వాన దంచుతోంది. కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, దాని నుంచే చిన్న తెరలకూ కరెంటు. వంటింట్లోంచి ఒక నీలి వెలుగు, అమ్మ గదిలోంచి ఒక నీలి వెలుగు. తడిసిన సున్నం వాసన. అరుణ సెట్టింగులు తెరిచింది.

నాలుగు గళ్లున్నాయి.

ఒకటి, రెండు, మూడు ఎక్కడివక్కడే. నాలుగోది కింద ఉంది, దూరంగా. తలుపు అవతల.

వైర్లు లెక్క చూసుకుంది. ఉన్నవి రెండే. మొయిజ్‌కు ఫోన్ చేసింది.

"అది మామూలే అక్కా" అన్నాడు మొయిజ్. వెనకాల దుకాణం సందడి వినిపిస్తోంది. "వైరు జర లూజున్నా లేని స్క్రీన్ ఉన్నట్టు చూపిస్తది. పరేషాన్ గాకు. ఏది ఏదో నంబర్ చూపించే బటన్ ఉంటది గదా, అది నొక్కి చూడు."

నొక్కింది. లాప్‌టాప్ మీద పెద్ద ఒకటి వచ్చింది. మెడ చాచి చూస్తే వంటింటి తెర మీద రెండు, అమ్మ మంచం దగ్గర మూడు. నాలుగు ఎక్కడా లేదు. నవ్వుకుని తల తిప్పబోయింది...

తలుపు కింది సందులోంచి తెల్లటి వెలుగు గచ్చు మీద పడింది.

నంబర్లు మాయమయ్యాయి. ఆ వెలుగూ ఆరిపోయింది.

అరుణ మళ్లీ నొక్కింది. మళ్లీ వెలుగు. నంబర్లతో పాటే వచ్చింది, వాటితో పాటే పోయింది.

"మొయిజ్... దాని మీద ఏం కనవడుతుందో చూడొచ్చా?" గొంతు తగ్గించి అడిగింది.

"స్క్రీన్‌షాట్ కొట్టు. అన్నిటిదీ కలిసి ఒకటే ఫోటో పడ్తది. ఏమైందక్కా?"

కొట్టింది. ఫోటోలో పైన రెండు నల్లటి చిన్న గళ్లు, నడుమ తన లాప్‌టాప్, కింద నాలుగోది. దాని మీద తెల్లటి అక్షరాలు.

వస్తున్న, ఆగు.

అరుణకు ఒక్కసారిగా సంగతి తట్టింది. అమ్మ బటన్ ఒత్తినప్పుడల్లా ఆ మాట అన్ని తెరలకూ పోయింది. ఉన్న తెరలన్నిటికీ పంపమని రాసింది తనే. ఇంట్లో తెరల మీది మాట ఎప్పటికప్పుడు చెరిపేశారు. అక్కడ చెరిపేవాళ్లు ఎవరు? మొదటిరోజు నుంచి ఆ మాట అక్కడ అలాగే ఉండిపోయింది. దాన్ని చూస్తూ ఎవరో ఆగారు. ఇన్నాళ్లూ ఆగారు.

"బాపు" అంది అరుణ.

"ఏందక్కా? అక్కా, దాన్ని తీసెయ్యి. నొక్కి తీసెయ్యి, ఇగ చూడకు" అంటున్నాడు మొయిజ్. అరుణ ఫోన్ పక్కన పెట్టేసింది.

అప్పుడు లాప్‌టాప్ మీద పెద్ద అక్షరాలు వెలిగాయి. తలుపు దగ్గర ఎవరో ఉన్నరు. రేకుల మీద వాన తప్ప ఆమెకు ఏ చప్పుడూ వినబడలేదు. లోపల గదిలో అమ్మ బటన్ ఒత్తింది. వస్తున్న, ఆగు. అమ్మ లేస్తున్నట్టు మంచం కిర్రుమంది. సెట్టింగుల్లో నాలుగో గడి దూరంగా లేదు. ఒకటో గడి కింది అంచుకు ఆనుకుని ఉంది. మౌస్ మీద అరుణ చెయ్యి లేదు.

భయం వేసింది. దాన్ని మించి దుఃఖం పొంగుకొచ్చింది. వానలో తడుస్తూ, గుండె పట్టుకుని, తలుపు తీస్తారని కూర్చున్న బాపు. ఇప్పటికీ తీస్తారని కూర్చున్న బాపు. అమ్మ ఎన్నోసార్లు తీసింది గానీ రమ్మని ఎప్పుడూ అనలేదు, ఎవరూ లేరనే అంది. అరుణ పోయి గొళ్లెం తీసింది.

గల్లీ ఖాళీ. మోకాలెత్తు నీళ్లు పారుతున్నట్టు మోత, కానీ గడప ముందు చిన్న మడుగు మాత్రమే ఉంది. దూరంగా మబ్బుల్లో విమానం దీపం ఒకటి దిగుతోంది. బీడీ వాసన వస్తుందేమో, డీజిల్ వాసన వస్తుందేమో అని గుండెల నిండా గాలి పీల్చింది. నిలవ నీళ్ల వాసన వచ్చింది, ఎన్నాళ్లుగానో మూత తియ్యని సంపులోంచి వచ్చినట్టు.

అయినా అంది. "లోపలికి రా బాపు. ఇగ ఆగకు."

పాదాల మీదుగా చల్లగా ఏదో పోయింది. గాలే కావచ్చు. ఆమె తలుపేసి గొళ్లెం పెట్టింది.

వెనక్కి తిరిగి వచ్చి చూస్తే నాలుగో గడి కింద లేదు. పైన ఉంది. కుడికి. మూడో దాని మీద. ఒక గడి మీద ఇంకో గడి ఎక్కదు... ఎక్కించాలన్నా కంప్యూటర్ ఎక్కనివ్వదు. అది ఎక్కి కూర్చుంది. మూడో గడి అంచు సన్నగా, దారమంత కనబడుతోంది.

అరుణ చేతికి అందిన వైర్లు అందినట్టు లాగేసింది. వంటింటి వెలుగు ఆరిపోయింది. అమ్మ గదిలో వెలుగు ఆరలేదు.

ఆ తెర వైరు కొస అరుణ చేతిలోనే ఉంది.

దాన్ని అలాగే పట్టుకుని గది గుమ్మం దాకా పోయింది. స్వరాజ్యం మంచం మీద కూర్చుని ఉంది, గోడ వైపు జరిగి, ఇంకొకరికి చోటిచ్చినట్టు. ఆ ఖాళీ చోట పరుపు దిగబడి ఉంది. తెర వెలుగు ఆమె మొహం మీద పడుతోంది. ఆమె నవ్వుతోంది. పోయిన వానాకాలం తర్వాత అమ్మ మొహంలో ఆ నెమ్మది అరుణ చూడలేదు. తలుపు వైపు చూడాలన్న ఆరాటం ఆ కళ్లలో లేదు.

అరుణకు కన్నీళ్లు ఆగలేదు. ఇంతేనా అనుకుంది. ఇంత చిన్న పనికా ఇన్నాళ్లు.

"వచ్చిండా అమ్మా?" అని పెదవులు కదిపింది.

స్వరాజ్యం తలూపింది. పరుపు మీద అరచేత్తో మెల్లగా నిమిరింది.

విమానం ఇంటి మీదుగా దిగిపోయింది. అద్దాలు దడదడలాడి ఆగాయి. వాన కూడా తెరిపిచ్చింది. చూరు నుంచి బొట్లు పడే చప్పుడు ఒక్కటే మిగిలింది. అరుణ గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంది. ముందు గదిలో ఫోన్‌లోంచి మొయిజ్ ఇంకా అక్కా, అక్కా అంటున్నాడు. పోయి రెండు మాటలు చెప్పి పెట్టేద్దామనుకుంది.

అప్పుడు వినబడింది.

టక్. టక్.

...టక్.

తాళంచెవి. చెక్క మీద. కింద, మనిషి కూర్చుంటే చెయ్యి అందేంత ఎత్తులో.

ఏ తెర మీదా ఏ అక్షరమూ రాలేదు. ఇన్నాళ్లూ తెరలు చెప్పగా నమ్మిందే తప్ప, తన చెవులతో వినడం ఇదే మొదలు. రెండు, కాస్త ఆగి ఇంకోటి. ఆ కొట్టడం పుట్టినప్పటి నుంచి ఆమెకు తెలుసు. అది బాపుది. బాపు బయటే ఉన్నాడు.

మరి...

ఆమె చూపు పరుపు మీదికి పోయింది. దిగబడిన చోటు కొంచెం అటు జరిగింది, అమ్మ వైపు.

టక్. టక్. టక్. ఈసారి ఆగలేదు. తొందరగా, గట్టిగా, తలుపు తీసుకుని లోపలికి రావాలన్నంత ఆత్రంగా కొడుతున్నాడు. అరుణ ఒక అడుగు వెనక్కి వేసింది. తీయాలి, పోయి గొళ్లెం తీయాలి...

స్వరాజ్యం మెల్లగా మెడ తిప్పి, చప్పుడు వస్తున్న వైపు చూసింది.

"తియ్యకు బిడ్డా" అంది.

ఆ గొంతు గుమ్మం దాటి అవతలికి వినబడనంత చిన్నగా ఉంది.